పొద్దున అడవి, మధ్యాహ్నం సముద్రం: ప్యూర్టోరికోలో ఒక్క రోజు

ప్రశ్న: నమస్తే అండీ. మాది కరీంనగర్. ఆరేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. నేను హెచ్1బీ మీద ఉన్నాను. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోయింది కాబట్టి దేశం దాటే ధైర్యం లేదు. అందుకే డిసెంబర్ చివరి వారంలో ప్యూర్టోరికోకు టికెట్లు కొన్నాం, కరీబియన్‌లో ఉన్నా ఆ దీవి అమెరికాదే కదా. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. నాలుగు రోజుల్లో ఒక రోజు పూర్తిగా అడవికీ బీచ్‌కీ పెట్టుకున్నాం. ఫ్రెండ్ ఒకతను ఆ రోజుకు లిస్ట్ రాసిచ్చాడు: పొద్దున ఎల్ యుంకే అడవి, జిప్‌లైన్, మధ్యాహ్నం లుకియో బీచ్, సాయంత్రం ఓల్డ్ శాన్ హువాన్, రాత్రికి మెరిసే నీళ్లలో కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. మాలో ఎవరికీ ఈత రాదు. టూర్ బస్ మేలా, కారా? అమ్మ అయితే టికెట్ల రేటు విన్నప్పటి నుంచి, "సముద్రమే సూడాల్నంటే వైజాగ్ పోతే అయిపాయె గదా" అంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ అమ్మగారికి జవాబు చివర్లో చెబుతాను. ముందు మీ ఫ్రెండ్ లిస్ట్ సంగతి చూద్దాం.

అవన్నీ ఒక్క రోజులో అయితే అవుతాయి, మీరు మాత్రం మిగలరు. ఆ లిస్ట్‌లోంచి జిప్‌లైన్, ఓల్డ్ శాన్ హువాన్, కయాక్ మూడూ కొట్టేయండి. అడవి, లుకియో ఉంచుకోండి. ఓల్డ్ శాన్ హువాన్ మీరు దిగే ఊళ్లోనే ఉంటుంది, ఏ సాయంత్రమైనా వెళ్లొచ్చు. అడవీ లుకియో తూర్పు వైపు, కయాక్ ఎక్కే ఫహార్దో ఇంకా తూర్పుకు. అంటే లిస్ట్ ప్రకారం తూర్పుకు వెళ్లి, సాయంత్రం ట్రాఫిక్‌లో శాన్ హువాన్ వచ్చి, చీకటి పడ్డాక మళ్లీ ఫహార్దో దాకా పోవాలి. నాలుగేళ్ల బాబు కారు సీట్లో నిద్రపోతాడు, మీ ఆవిడ మీతో మాట్లాడటం మానేస్తారు.

అడవినీ సముద్రాన్నీ మాత్రం విడదీయకండి. వాన అడవిలో తిరిగి, పావుగంటలో కొండ దిగి, కొబ్బరి చెట్ల కింద ఇసుకలో కాళ్లు చాపుకోవడం అంత తేలిగ్గా కుదిరే చోట్లు ఎన్నో లేవు. కాకపోతే వరస తప్పకూడదు. పొద్దున అడవి, మధ్యాహ్నం సముద్రం. మొదటిసారి మేం దాన్ని తిరగేసి చేశాం. సెలవే కదా అని తొమ్మిదింటికి లేచి, టిఫిన్ చేసి, దారిలో కనిపించిన బీచ్‌లో గంట గడిపి, పదకొండున్నరకు అడవి దగ్గరికి చేరాం. పార్కింగ్ నిండిపోయిందని అక్కడి మనిషి చెయ్యి అడ్డంగా ఊపి వెనక్కి పంపేశాడు. కొండ మీద చూస్తే మబ్బు దుప్పటి కప్పుకుని ఉంది. లోపలికి పోనిచ్చినా ఏమీ కనిపించేది కాదని మాకు మేమే చెప్పుకున్నాం.

ఆ మబ్బుకు కారణం ఉంది. మనం స్కూల్లో బట్టీ పట్టిన వ్యాపార పవనాలు గుర్తున్నాయా? అవి అట్లాంటిక్ మీదుగా తడి మోసుకుంటూ తూర్పు నుంచి వచ్చి, దీవికి ఆ మూలన ఉన్న లుకియో కొండల్ని గుద్దుకుంటాయి. పైకి లేచి, చల్లబడి, అక్కడే కురుస్తాయి. పై భాగాల్లో ఏడాదికి 200 అంగుళాలకు పైగా వాన పడుతుంది. మన కరీంనగర్‌లో 40 అంగుళాలు పడితే మంచి ఏడాది అనుకుంటాం కదా, దానికి అయిదింతలు. ఆ మేఘాలు అక్కడే ఖాళీ అయిపోతాయి కాబట్టి దీవి నైరుతి మూలన గ్వానికా దగ్గర నాగజెముడు లాంటి మొక్కలతో ఎండు అడవి ఉంటుంది. రెండు మూడు గంటల డ్రైవ్‌లో రెండు లోకాలు. పొద్దున గాలి ఇంకా వేడెక్కదు కాబట్టి కొండ తేటగా కనిపించే అవకాశం ఎక్కువ. పొద్దెక్కేకొద్దీ మబ్బులు పేరుకుంటాయి. వాన పడినా కంగారు పడకండి, పది నిమిషాలు కురిసి ఆగిపోతుంది, మళ్లీ కురుస్తుంది. గొడుగు అక్కర్లేదు, తలకు టోపీ ఉన్న పల్చటి రెయిన్‌కోట్లు చాలు. మనిషికో జత పొడి బట్టలు మాత్రం కార్లో పెట్టండి.

కారే తీసుకోండి. టూర్ బస్‌లో గైడ్ చెప్పిన టైముకు ఎక్కాలి, దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకూ, ఎప్పుడు బాత్రూమ్ అంటాడో తెలియని పిల్లాడికీ అది పడదు. ఉబర్‌లో వెళ్తే తిరుగు ప్రయాణం దొరకదు, కొండ మీద ఫోన్ సిగ్నలే సరిగా ఉండదు. ఆరుగురు కాబట్టి ఏడు సీట్ల వ్యాన్ ముందే బుక్ చేసుకోండి, డిసెంబర్‌లో అక్కడికి వెళ్లి అడిగితే ఉండవు. బాబు కార్ సీట్ ఇంటి నుంచే పట్టుకెళ్లడం మేలు. మీ లైసెన్స్ అక్కడ చెల్లుతుంది. ఒక్క తమాషా: స్పీడ్ బోర్డులు మైళ్లలో, దూరం బోర్డులు కిలోమీటర్లలో, పెట్రోల్ లీటర్లలో. మొదటి గంట తికమకగా ఉంటుంది. అడ్రస్‌లు కూడా కిలోమీటరు రాళ్లతోనే చెబుతారు, "191 రోడ్డు, 4.3 కిలోమీటర్" అన్నట్టు.

ఆ 191 రోడ్డు విషయంలోనే జీపీఎస్ మోసం చేస్తుంది. కొండచరియలు విరిగిపడి, ఆ రోడ్డు నడిమి భాగం దశాబ్దాల కిందటే మూతపడింది. ఉత్త "ఎల్ యుంకే" అని కొడితే ఒక్కోసారి దక్షిణం వైపు మూసుకుపోయిన కొసకు తీసుకెళ్తుంది. "ఎల్ పోర్టల్" అని కొట్టండి, అది అడవిని చూసుకునే ఫారెస్ట్ సర్వీస్‌వాళ్ల విజిటర్ సెంటర్, ఉత్తరం వైపు రియో గ్రాండే ఊరి దగ్గర ఉంటుంది. మ్యాప్ ముందే ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి.

శాన్ హువాన్ నుంచి గంట లోపే. ఆరూ ముప్పావుకల్లా బయల్దేరండి. అక్కడి టైమ్ డిసెంబర్‌లో న్యూజెర్సీ కంటే గంట ముందుంటుంది, అంటే పిల్లల ఒంటికి అది అయిదూ ముప్పావే. ముందు రాత్రి తొందరగా పడుకోబెట్టండి. అడవి రోడ్డు గేటు ఎనిమిది ప్రాంతంలో తెరుస్తారు. కొన్నేళ్లు ఆన్‌లైన్ రిజర్వేషన్ ఉండేది, తర్వాత తీసేశారు, ఇప్పుడు ముందొచ్చినవాళ్లకు ముందు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ముందు రోజు ఫారెస్ట్ సర్వీస్ సైట్ ఒకసారి చూడండి. ఏ దారి మూశారో, ఏ టవర్ రిపేర్‌లో ఉందో కూడా అందులోనే రాస్తారు. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను ఆ అడవిని ఆకు లేకుండా ఊడ్చేసింది. ఇప్పుడు పచ్చగానే ఉంది, దారుల మరమ్మతులు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి.

పైకి పోతుంటే మొదట లా కోకా జలపాతం. దీన్ని అమ్మగారి కోసమే పెట్టినట్టుంటుంది. రోడ్డు పక్కనే, కారు దిగి పది అడుగులు వేస్తే చాలు, 85 అడుగుల నల్లటి బండ మీంచి నీళ్లు పాకుతూ దిగుతుంటాయి. మన కుంటాలలా గర్జించదు, బండను అంటిపెట్టుకుని జారుతుంది. ఇంకొంచెం పైన యోకాహూ టవర్, పాత కోట బురుజులా గుండ్రంగా ఉంటుంది, 1963లో కట్టారు. లోపల మెలికల మెట్లు వందకు దగ్గర. అమ్మగారిని కింద బెంచీ మీద కూర్చోబెట్టి, మీరు పిల్లల్ని తీసుకుని ఎక్కండి. తేటగా ఉంటే ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో మధ్యాహ్నం మీరు కూర్చోబోయే ఇసుక తీరం కనిపిస్తుంది. మీ పాపకు వేలు పెట్టి చూపించండి.

నడవాలనుంటే, మీ నాన్నగారికి ఓపికుంటే, మౌంట్ బ్రిటన్ టవర్ దారి ఉంది. ఒకవైపు కిలోమీటరు పైచిలుకు, కానీ అంతా ఎక్కుడే. తొమ్మిదేళ్ల పిల్ల నడుస్తుంది, నాలుగేళ్లవాడు సగం దారిలో "ఎత్తుకో" అంటాడు. నన్నడిగితే మీరూ పాపా నాన్నగారూ వెళ్లండి, మిగతావాళ్లు ఎల్ పోర్టల్ దగ్గర ఉండనివ్వండి. దానికి పెద్దవాళ్లకు 8 డాలర్ల టికెట్ ఉండేది, పిల్లలకు లేదు. శుభ్రమైన బాత్రూమ్‌లు, వీల్‌చెయిర్ పోయే దారులు, కూర్చోవడానికి నీడ ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఆ బాత్రూమ్‌ల విలువ జలపాతం కంటే ఎక్కువ.

బ్రిటన్ దారిలో ఎక్కుతుంటే ఒకటి గమనించమని పాపకు చెప్పండి. కింద చెట్లు ఆకాశమంత ఉంటాయి. పైకి పోతుంటే పొట్టివవుతాయి. శిఖరం దగ్గరికి వచ్చేసరికి మనిషెత్తు మాత్రమే, గాలికి వంకర్లు తిరిగి, ఒళ్లంతా నాచుతో ఉంటాయి. ఎప్పుడూ మబ్బులో నానుతూ, గాలికి తన్నులు తింటూ పెరిగిన చెట్లు మరి. పెద్ద వనం బొన్సాయ్ కుండీలో పెట్టినట్టుంటుంది.

ఈ అడవిని కాపాడటం ఈనాటిది కాదు. స్పెయిన్ రాజు 12వ అల్ఫోన్సో 1876లోనే రక్షిత అడవి చేశాడు. 1903లో అమెరికా దాన్ని ఫారెస్ట్ రిజర్వ్‌గా తీసుకుంది. అమెరికా నేషనల్ ఫారెస్ట్‌లన్నిటిలో ఉష్ణమండల వాన అడవి ఇదొక్కటే. ఇక్కడి చిలకలు ఆకుపచ్చ ఒంటితో, నుదుట ఎర్రబొట్టుతో ఉంటాయి. 1975లో అడవిలో వాటి లెక్క 13కు పడిపోయింది. పెంచి, వదిలి, మళ్లీ పెంచి నిలబెడుతున్నారు. మీకు కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి.

ముంగిస మాత్రం కనిపించొచ్చు. అది మన దగ్గర్నుంచి పోయిందే. చెరకు తోటల్లో ఎలుకల్ని చంపుతుందని 1872లో కలకత్తా నుంచి తొమ్మిదింటిని జమైకా తీసుకెళ్లారు. అక్కణ్నుంచి ప్యూర్టోరికోతో సహా దీవులన్నిటికీ పాకించారు. ఎలుకలు రాత్రి తిరుగుతాయి, ముంగిస పగలు తిరుగుతుంది. ఇద్దరూ ఎదురుపడితే కదా చంపడానికి! అది పక్షుల గుడ్లూ బల్లుల మీద పడింది. అమ్మగారు చూసి మంచి శకునం అనుకోవచ్చు, అనుకోనివ్వండి, కానీ పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. ప్యూర్టోరికోలో రేబిస్ ఎక్కువగా మోసేది ముంగిసే. చేతిలో బిస్కెట్ చూసి కాళ్ల దగ్గరికి వచ్చినా పెట్టొద్దు. పాముల భయం అక్కర్లేదు, ప్రాణం తీసేంత విషమున్న పాములు ఆ దీవిలో లేవు. దోమలు ఉన్నాయి. 2024 మార్చిలో డెంగీ కోసం అక్కడ ఎమర్జెన్సీ ప్రకటించారు. అందుకే దోమల క్రీమ్ అందరికీ రాయండి, పిల్లల చీలమండల దగ్గర మర్చిపోకుండా.

వాగుల్లో దిగడం గురించి ఒక మాట. నీళ్లు అద్దంలా ఉంటాయి, దిగాలనిపిస్తుంది. కానీ పైన శిఖరం మీద వాన పడితే మీ నెత్తిన ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. అక్కడివాళ్లు దాన్ని "గోల్పే దె ఆగ్వా" అంటారు, నీటి దెబ్బ అని. నీళ్లు ఉన్నట్టుండి గోధుమ రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, ఫోటో కోసం కూడా ఆగకుండా గట్టెక్కండి. ఈత రాని కుటుంబం కాబట్టి నేనైతే వాగులో కాళ్లు తడిపి బయటికి వచ్చేయమంటాను.

పదకొండున్నరకు కొండ దిగండి. ఇక తిండి. లుకియోలో హైవే పక్కన అరవై దాకా చిన్న కొట్లు వరసగా ఉంటాయి, కియోస్కో అంటారు. ఎదురుగా బాణలిలో నూనె కాగుతూ, గాజు పెట్టెల్లో బజ్జీల్లాంటివి పేర్చి ఉంటాయి. చూడ్డానికి మన మిర్చి బండిలా ఉంటుంది కానీ చాలావాటి కడుపులో మాంసమో, పీతో, ఎండు చేపో ఉంటుంది. అమ్మగారికి మూడు దొరుకుతాయి: తోస్తోనెస్, అంటే పచ్చి అరటికాయ ముక్కల్ని ఓసారి వేయించి, అదిమి, మళ్లీ వేయించేవి. అమరీయోస్, అంటే పండిన అరటిముక్కల వేపుడు, తియ్యగా ఉంటుంది. కోకో ఫ్రియో, అంటే ఐసులో పెట్టిన కొబ్బరి బోండాం. కత్తితో మూడు దెబ్బల్లో మూతి ఎగరగొట్టి స్ట్రా వేసి ఇస్తారు. తాగాక దాన్నే తిరిగిచ్చి చేత్తో చీల్చినట్టు చూపించండి, నిలువునా చీల్చి ఇస్తారు. లేత కొబ్బరి గోక్కుని తినడం భాష రాకపోయినా అవుతుంది. మోఫోంగో అని దంచిన అరటికాయ ముద్ద ప్రసిద్ధం, కానీ అందులో తరచుగా పంది చర్మం వేపుడు కలిపి దంచుతారు. అన్నంలోకి ఇచ్చే బీన్స్ కూర చూడ్డానికి మన రాజ్మాలాగే ఉన్నా, హ్యామ్ ముక్క, అంటే పంది మాంసం వేసి ఉడికిస్తారు. "వెజిటేరియన్?" అని అడిగితే అవునంటారు, ఎందుకంటే మాంసం ముక్క కనిపించదు కదా. "సిన్ కార్నె, సిన్ హమోన్" అని విడివిడిగా అడగండి: మాంసం లేకుండా, హ్యామ్ లేకుండా.

అయినా నా సలహా, ఆ రోజుకు పులిహోర కట్టుకెళ్లండి. కిచెన్ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటే పొద్దున్నే అరగంట పని. దద్దోజనం వద్దు, ఆ ఉక్కకు మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. అన్నానికి అక్కడ లోటు లేదు, ప్యూర్టోరికోవాళ్లు మనలాగే రోజూ అన్నం తింటారు. చింతపండు పేస్ట్ చిన్న డబ్బా, పోపు సామాను మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లండి.

ఇప్పుడు సముద్రం. మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టిన వాక్యం "మాలో ఎవరికీ ఈత రాదు" అన్నది. ప్యూర్టోరికోలో బీచ్‌లన్నీ చట్టప్రకారం అందరివీ, ఎక్కడైనా ఆగి దిగొచ్చు. అందుకే మనవాళ్లు ఎక్కడ పడితే అక్కడ దిగుతారు. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఉత్తర అట్లాంటిక్ తుఫాన్ల అలలు ఆ దీవి ఉత్తర తీరాన్ని బాదుతుంటాయి. నీళ్లు వెచ్చగా, నీలంగా, అమాయకంగా కనిపిస్తాయి. నేను చెప్పిన ఆ మొదటి ట్రిప్‌లో, లైఫ్‌గార్డ్ లేని ఒక బీచ్‌లో మా ఆయన నడుము లోతులో నిలబడి ఫోటోకు నవ్వుతున్నారు. ఒక అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాగేసింది. మనిషి కూలబడి, లేచి, మళ్లీ కూలబడి, ఇరవై అడుగులు లోపలికి పోయారు. అక్కడున్న ఓ సర్ఫింగ్ కుర్రాడు బోర్డుతో సహా దూకి పట్టుకొచ్చాడు. ఆయన జీన్స్ వేసుకుని ఉన్నారు. తడిసిన జీన్స్ ఎంత బరువుంటుందో ఆ రోజు తెలిసింది మాకు. అమ్మగారు చీరతో నీళ్లలోకి దిగితే చీలమండ దాటనివ్వకండి. మీ ఆవిడ చున్నీ కార్లో వదిలేయాలి.

అందుకే లుకియోలో బల్నెయారియో అనే ప్రభుత్వ బీచ్‌కే వెళ్లండి. బల్నెయారియో అంటే పార్కింగ్, బాత్రూమ్, షవర్, లైఫ్‌గార్డులు ఉండే స్నానాల బీచ్. లుకియోది నెలవంకలా లోపలికి వంగి ఉంటుంది, ముందు పగడపు దిబ్బ అలల జోరును ఆపుతుంది. అదే ఊళ్లో లా పారెద్ అనే ఇంకో బీచ్ ఉంది, అది సర్ఫింగ్‌వాళ్లది, పేరు చూసుకుని ఇటు రండి. వారంలో ఏ రోజు మూస్తారో, ఎన్నింటికి మూస్తారో ముందు రోజు కనుక్కోండి. ఆదివారం మాత్రం వద్దు. అక్కడి కుటుంబాలు కూలర్లూ స్పీకర్లూ పట్టుకుని పొద్దున్నే వచ్చేస్తాయి.

నీళ్లలో దిగేముందు అయిదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అలలన్నీ తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒకచోట విరగకుండా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా ఉందా? మనకు అదే మంచి చోటు అనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది, అక్కడే లాగుతుంది. ఎవరైనా అందులో పడితే ఒడ్డు వైపు కొట్టుకోకుండా, తేలుతూ, పక్కకు, ఒడ్డుకు సమాంతరంగా కదలాలి. ఈత రానివాళ్లకు ఇది చెప్పినంత తేలిక కాదు. కాబట్టి పెద్దలు మోకాలి లోతు, పిల్లలు చెయ్యి చాపితే అందేంత దూరం. బాబుకు గాలి ఊదే బాతు బొమ్మ కొనకండి, గాలికి అదే ముందు పోతుంది. కోస్ట్ గార్డ్ ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ వాడి సైజుది ఇంటి నుంచే తీసుకెళ్లండి.

చెట్ల కింద కూర్చునేటప్పుడు ఒక్క చెట్టు తెలుసుకోండి. కరీబియన్ తీరాల్లో మంచినీల్ అనే విషపు చెట్టు ఉంటుంది, స్పానిష్‌లో మాన్సానీయో అంటారు. కాయ గంగరేగుపండంత, పచ్చగా, చిన్న ఆపిల్‌లా ఉంటుంది. పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా అంతే. లుకియో కొబ్బరి తోపులో ఆ బెంగ పెద్దగా లేదు కానీ, మీరు వియెకేస్, కులేబ్రా దీవుల వైపు పోతే గుర్తుంచుకోండి. తెలియని కాయ ఏదీ పిల్లలు ముట్టకూడదంతే. ఇక కొబ్బరి చెట్టు కింద పడుకునేటప్పుడు పైకి చూసి పడుకోవాలని కోనసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు, కరీంనగర్‌వాళ్లకు చెప్తున్నా.

కారులో బ్యాగులు కనిపించేలా వదలకండి. పాస్‌పోర్టులు అసలే వదలకండి. వీసా సంగతి: న్యూజెర్సీ నుంచి శాన్ హువాన్‌కు నేరుగా వెళ్లే విమానం దేశంలో ప్రయాణమే, ఇమిగ్రేషన్ లైను ఉండదు. అయినా అందరి పాస్‌పోర్టులు, మీ ఐ-797 (హెచ్1బీ మంజూరైనట్టు ఇచ్చే కాగితం), అమ్మానాన్నల ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్ దగ్గర పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక "పక్కనే వర్జిన్ ఐలాండ్స్, పడవలో పోయొద్దాం" అని ఎవరైనా అంటే లొంగకండి. బ్రిటిష్‌వాటికి వెళ్తే దేశం దాటినట్టే. అమెరికావాటికి వెళ్లినా తిరిగొచ్చేటప్పుడు అధికారులు కాగితాలు చూస్తారు. స్టాంప్ లేని మనిషికి ఆ టెన్షన్ ఎందుకు?

మెరిసే నీళ్లు కొట్టేశానని పాప అలగొచ్చు. ఫహార్దోలో లగూనా గ్రాండే అనే ఉప్పునీటి మడుగులో కంటికి కనిపించని జీవులు ఉంటాయి, తెడ్డు కదిలినప్పుడల్లా నీలంగా వెలుగుతాయి. నిజంగానే అద్భుతం. కానీ మడ చెట్ల మధ్య ఇరుకు కాలువలో, చీకట్లో, కయాక్‌లో తెడ్డు వేసుకుంటూ పోవాలి. చాలాచోట్ల మరీ చిన్నపిల్లల్ని ఎక్కించుకోరు. పైగా వెన్నెల ఉంటే సరిగా కనిపించదు. మీరు వెళ్లే వారంలో అమావాస్య ఎప్పుడో క్యాలెండర్ చూడండి. దగ్గర్లో పడితే వేరే రాత్రి మీరూ పాపా వెళ్లి రండి, పౌర్ణమి వైపు పడితే డబ్బులు దండగ.

దానికి బదులు పాపకు ఇంకోటి ఇవ్వండి. డిసెంబర్ చివర్లో అక్కడ ఆరు లోపే పొద్దు గూకుతుంది. బీచ్ నుంచి కారు దగ్గరికి వచ్చి, స్టార్ట్ చేయకుండా, చెట్ల పక్కన నిలబడండి. చీకటి పడేకొద్దీ ఒక పిలుపు మొదలవుతుంది: "కో... కీ!" మొదటి అక్షరం కింద స్థాయిలో, రెండోది పైకి లేచి. ఒకటి, రెండు, తర్వాత లెక్క ఉండదు. పిట్టలు అనుకుంటారు. బొటనవేలంత కప్ప, పేరూ కోకీయే. అరిచేవి మగవే. వాటి గుడ్లలోంచి తోకకప్పలు రావు, నేరుగా చిట్టి కప్పలే వస్తాయి, అప్పటిదాకా గుడ్లకు కాపలా ఉండేది తండ్రి. ఈ చివరి ముక్క మీ నాన్నగారితో చెప్పించండి పిల్లలకు.

ఇక మీ అమ్మగారి వైజాగ్ ప్రశ్న. ఆమె అన్నదాంట్లో కొంత నిజం ఉంది. శాన్ హువాన్, కరీంనగర్ రెండూ భూమధ్యరేఖకు పైన దాదాపు 18న్నర డిగ్రీల దగ్గరే ఉన్నాయి. కాబట్టి అక్కడి ఎండా, ఉక్కా, చెట్లూ చాలావరకు ఆమెకు తెలిసినవే. రోడ్ల పక్కన తురాయి చెట్లుంటాయి, ఇసుకలో మన ఊరి బాదం చెట్లే కనిపిస్తాయి, కింద కాయలు రాలి ఉంటాయి. మా అత్తగారు అక్కడ రాయి తీసుకుని బాదంకాయ కొడుతూ కూర్చుంటే, పక్క కుటుంబంలో ముసలావిడ వచ్చి తనూ కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడకు స్పానిష్, ఈవిడకు తెలుగు. గంట సేపు కూర్చున్నారు.

ఇంకోటి. మీరు వెళ్లేది క్రిస్మస్ రోజుల్లో. ఆ సీజన్‌లో ప్రతి ఇంట్లో వండే అన్నం పేరు "అర్రోస్ కోన్ గందూలెస్". గందూలెస్ అంటే ఏమిటనుకున్నారు? కందులు. మన కందులే, పచ్చివి, అన్నంలో వేసి ఉడికిస్తారు. పేరు కూడా మన "కందులు" నుంచే వెళ్లిందని కొందరు అంటారు, ఆఫ్రికాలోని కాంగో భాష నుంచి వచ్చిందని ఇంకొందరు. హోటళ్లలో అందులోనూ హ్యామ్ పడుతుంది కాబట్టి అమ్మగారికి అక్కడ పెట్టించకండి. సూపర్‌మార్కెట్‌లో గందూలెస్ టిన్నులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఒకటి కొని, పేరు చదివి వినిపించి, మూత తీసి ఆమె చేతిలో పెట్టండి. ఆమె ఏమన్నారో నాకు రాయడం మర్చిపోవద్దు.